బానెట్‌లో కనబడని బోర్డు

నల్ల కారు ముట్టుకునే ముందు బుడే సాహెబ్ మామ చేసే తతంగం చూస్తే కొత్తవాళ్లకి నవ్వొస్తుంది. వేలి ఉంగరం తీసి గూట్లో పెడతాడు. బెల్టూ, గుండీల చొక్కా విప్పేసి బనీను, లుంగీ మీదికి వస్తాడు. చేతిలోంచి జారి కింద పడిన గుడ్డని ఎంత దులిపి ఇచ్చినా మళ్లీ బండి మీద పెట్టడు. ఓనరు చేతికి గడియారం ఉంటే ఆయన్ని గుమ్మం అవతలే నిలబెడతాడు. తెనాలి చెంచుపేటలో ఆయన కార్ల పాలిషు షెడ్డు పక్కనే నా బ్యాటరీ కొట్టు. ఇన్నేళ్లు పక్కన ఉండి కూడా ఆయన్ని ఆటపట్టించకుండా నాకు పొద్దు గడవదు.

"మామా, పెళ్లికూతుర్ని కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోరు" అన్నానొకసారి.

"పెళ్లికూతురికి గీత పడితే మందు రాస్తారు కరెంటోడా. దీనికి రాసే మందే గీత పెడతది" అన్నాడు తల ఎత్తకుండా.

కరెంటోడంటే నేనే. పేరు రమేష్ బాబు. ఆ పేరు అప్పటిదాకా ఆయన నోట ఏనాడూ రాలేదు.

మామ పుట్టింది రేపల్లెలో. వాళ్ల నాన్న బీరువాలకీ పందిరి మంచాలకీ పాలిషు పట్టేవాడు. మామ మాత్రం కుర్రతనంలో నిజాంపట్నం వెళ్లి బోట్లకి రంగులు వేశాడు. రంగు ఎలా వేసినా చేపలు అడగవు కదా, అందుకే విసుగొచ్చి వదిలేశానని చెబుతాడు. ఆ తర్వాత తెనాలి వచ్చి, లారీల పెయింటింగు షెడ్డులో చాకిరీ చేసి, చివరికి తండ్రి విద్యకే తిరిగొచ్చాడు. అప్పుడు చెక్కకి, ఇప్పుడు ఇనుముకి. ఇటు బాపట్ల నుంచి అటు చేబ్రోలు దాకా ఎవరి నల్ల కారు మీద గీతలు పడినా ఈ షెడ్డు దారి పట్టాల్సిందే.

పని అయిందో లేదో తేల్చుకోవడానికి ఆయనకి ఒకటే పరీక్ష. కారు ముఖం రోడ్డు వైపు తిప్పి, షెడ్డు గుమ్మంలో నిలిపి, ముందు అద్దం పక్కన చేరి బానెట్ మీదికి వంగుతాడు. రోడ్డు అవతల పిండిమర బోర్డు ఆ నలుపులో తలకిందులుగా కనబడుతుంది. పెద్దక్షరాలు ఎవరికైనా కనబడతాయి. వాటి కింద "కారం, పసుపు, బియ్యప్పిండి పట్టబడును" అని చిన్నక్షరాలున్నాయి. అవి చెదరకుండా కనబడితేనే తాళాలు ఇస్తాడు. మనం పేపరు చదివినంత సులువుగా ఆయన ఆ తలకిందుల వరస పైకి చదివేవాడు. చదివాక టీ చెప్పేవాడు. ఆ టీ ఎప్పుడూ నా ఖాతాలోనే పడేదనుకోండి, అది వేరే సంగతి.

మొన్న ఎండాకాలం చుండూరు వెంకట్రామయ్య గారు తన నల్ల కారు తీసుకొచ్చారు. పాతిక ఎకరాల రైతు, మాట నెమ్మది. ఇంటిల్లిపాదితో బాపట్ల బీచికి వెళ్లారట. తిరిగొచ్చేటప్పుడు కారు నిండా ఉప్పుగాలీ ఇసకా. దారిలో కొత్తగా తెరిచిన వాషింగు షాపు కనబడితే ఆగారు. అక్కడి పనివాళ్లు నీళ్లు కొట్టకుండానే పొడిగుడ్డతో ఇసక తుడిచారు. తుడిచాక గీతలు చూసి వాళ్లకే భయం వేసినట్టుంది, మొరటు ఉన్ని ప్యాడు బిగించి బానెట్ మీద పాలిషు మెషిను అదిమిపట్టి తిప్పారు. పైన ఏదో జిడ్డు పూసి గీతలన్నీ పూడ్చేశారు. వాళ్ల షెడ్డు లైట్ల కింద కారు అద్దంలా ఉందట. ఇంటికొచ్చి కడిగితే జిడ్డు కరిగిపోయి లోపలి బండారం బయటపడింది. ఎండలో పెడితే బానెట్ నిండా సాలెగూడులాంటి గుండ్రటి గీతలు. నలుపు నలుపులా లేదు. ఎవరో వేడి ఊపిరి ఊది వదిలేసినట్టు మసక.

మామ బానెట్ మీద వేళ్ల వెనక భాగంతో మెల్లగా రాశాడు.

"ఆళ్లు పైపొర చాలా తినేశారండి. రంగు మీద అద్దంలాంటి పొర ఉంటది చూడండి, అది ఇప్పుడు బాగా పల్చబడింది. ఇంకొక్కసారి పని చేయడానికి సరిపోద్ది. అది కూడా దాటితే రంగు బయటపడతది. ఇక బానెట్ మొత్తం మళ్లీ పెయింటే."

"నీ చేతిలో అలా జరగదులే సాయిబు గారూ" అన్నారు వెంకట్రామయ్య గారు. "శుక్రవారం రేపల్లెలో మా అమ్మాయి అలేఖ్య నిశ్చితార్థం. ఈ కార్లోనే వెళ్లాలని దాని కోరిక."

"నా షెడ్డులో రంగు బయటపడిన రోజు మెషిను అమ్మేస్తానండి" అన్నాడు మామ. ఇది ఆయన కొత్తగా అన్న మాట కాదు. ఈ వీధిలో అందరం విన్నదే. అన్న మాట మీద నిలబడే మనిషి కావడమే నాకు అప్పుడూ ఇప్పుడూ భయం.

పని మాత్రం ముచ్చటగా సాగింది. అంచులకీ, బానెట్ మధ్యలో మడతలా లేచిన గీతకీ టేపు అంటించాడు. ఆ మడత మీద పొర ఇంకా పల్చగా ఉంటుందట. మూల మీద కాస్తంత చోట పట్టి చూసి, తృప్తిపడి, మెత్తటి స్పాంజి ప్యాడుతో మొదలుపెట్టాడు. గురువారం మధ్యాహ్నానికి పాలిషు జిడ్డు పోయేలా స్పిరిటు చల్లి తుడిచి, కారు గుమ్మంలోకి తెచ్చి వంగి చూశాడు.

"ఇంకా మసకుంది" అన్నాడు.

కారు లోపలికి తోసి మళ్లీ పట్టాడు. మళ్లీ గుమ్మంలోకి తెచ్చాడు. మళ్లీ అదే మాట. ఈసారి నేను కూడా వెళ్లి వంగాను. బానెట్ నల్లటి నీళ్లలా ఉంది. పిండిమర బోర్డు, దాని మీద వాలిన కాకి, కరెంటు తీగలు అన్నీ తేటగా కనబడుతున్నాయి.

"మామా, మసకేం లేదు. శుభ్రంగా ఉంది."

"బ్యాటరీలో ఆసిడ్ పోసుకోపో. నల్ల రంగు సంగతి నీకేం తెలుసు? కింది అక్షరాలు అలుక్కుపోయి కనబడతన్నాయి."

"నాకు కనబడుతున్నాయి కదా. రాగిపిండి, జొన్నపిండి, సజ్జపిండి లభించును."

మామ నా వైపు తిరిగాడు. "ఏంటి?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ ముందు వారమే గాలివానకి పాత రేకు బోర్డు ఎగిరిపోయింది. పిండిమర ఓనరు కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. కారం లేదు, పసుపు లేదు, అన్నీ చిరుధాన్యాలే. ఇన్నాళ్లూ ఈయన బానెట్‌లో చూసి చదివాడా, కంఠతా వచ్చిన ముక్క అప్పజెప్పాడా? షెడ్డులో ట్యూబులైట్లు మందగించాయని సంక్రాంతి ముందు నాచేత కొత్తవి వేయించాడు. అవి కూడా మసకగానే ఉన్నాయంటే, నా పనికి వంక పెడుతున్నాడని నేను మూతి ముడుచుకున్నాను. ఊళ్లో దుమ్ము ఎక్కువైందనీ, పొగమంచు వదలడం లేదనీ అంటుంటే ముసలి గొణుగుడు అనుకున్నాను.

"మామా, బానెట్‌లో వద్దు. తలెత్తి రోడ్డు అవతలకి చూడు. ఆ బోర్డు చదువు."

ఆయన తలెత్తలేదు. చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు. "నా షెడ్డులో నిలబడి నాకే పరీక్ష పెడతావా? నీ కొట్టుకి నువ్వు పో!"

నాతో ఏనాడూ అలా మాట్లాడలేదు. కోపం నాకూ వచ్చింది. కానీ ఆయన కారు లోపలికి తోసి, మెత్తటి ప్యాడు పీకి, డబ్బాలోంచి గట్టి ప్యాడు తీయడం చూశాక కోపం పోయి భయం పట్టుకుంది. పైపొర అరిగినంతసేపూ ప్యాడుకి తెల్లటి పొడే అంటుతుంది. రంగు తగిలిందంటే నలుపు అంటుతుంది. ఆ తెలుపూ నలుపూ తేడా ఆయనకి ఇప్పుడు తెలుస్తుందా? మెషిను వైరు పీకేద్దామా అనుకున్నాను. పీకితే జన్మలో నా మొహం చూడడు.

మామ భార్య మున్నీసా అత్తకి ఫోను చేశాను.

"అత్తా, మామ నా మాట వినట్లా. పని పాడయ్యేట్టుంది. నువ్వొకసారి రా."

"మీ ఇద్దరి పోట్లాటకి నేనెందుకురా మధ్యలో? పొయ్యి మీద కూరుంది."

"పొయ్యి ఆపేసి రా అత్తా. దణ్ణం పెడతా."

ఐతానగర్‌లో వాళ్లింటి నుంచి ఆటోలో రావడానికి ఎంతసేపు పడుతుంది? నాకు మాత్రం ఆ ఆటో గుంటూరు నుంచి వస్తున్నట్టుంది. గుమ్మం పట్టుకుని నిలబడి ప్యాడు వంకే చూస్తున్నాను. మెషిను బానెట్ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా పాకుతోంది. తెల్లపొడే. మళ్లీ తెల్లపొడే. మామ మడత మీది టేపు ఊడబెరికాడు. అక్కడ కూడా మసక కనబడుతోంది కాబోలు. మెషిను మడత దగ్గరికి జరిగింది. గబగబా వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా తగిలింది.

"చెయ్యి తియ్" అన్నాడు.

"తియ్యను."

"రమేష్, చెయ్యి తియ్!"

మొదటిసారి నా పేరు పెట్టి పిలిచాడు. అయినా చెయ్యి తియ్యలేదు.

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. అత్త కొంగు తలమీదికి లాక్కుంటూ వచ్చి, మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ఏం గొడవని అడగకుండా కారు దగ్గరికి వచ్చింది. మామ మెషిను ఆపాడు. ఆవిడ వస్తే చాలు, ఆపేస్తాడు. ఆవిడ చీరకి మరక పడుతుందని ఆయన భయం.

"దీనికేనా ఇంత రగడ? కారు బానే ఉంది కదండీ" అంటూ ఆవిడ బానెట్ మీదికి వంగింది. "అద్దంలో కూడా ఇంత బాగా కనబడను. ఇదిగో, ముక్కుపుడక కూడా మెరుస్తా ఉంది."

"అదే మున్నీ, మసకంటే ఈడు వినట్లేదు" అన్నాడు మామ. ఆవిడ పక్కనే వంగి వేలు చూపించాడు. "చూడు. నీ ఎర్రరాయి చుట్టూ ఎట్టా అలుక్కుపోయిందో."

అత్త నిటారుగా నిలబడి ఆయన మొహంలోకి చూసింది.

"ఎర్రరాయి ఎప్పుడో ఊడిపోయింది కదండీ. రంజాన్‌కి తెల్లరాయి పెట్టించుకున్నా."

మామ చూపించిన వేలు వెనక్కి తీసుకున్నాడు.

"మీరేం అనకపోతే నచ్చలేదేమో అనుకున్నా" అంది ఆవిడ. "మాట వరసకైనా అంటారేమోనని పండగంతా చూశా. నా మొహం వంక చూడటమే మానేశారనుకున్నా."

మామ మెషిను కింద పెట్టాడు. ఆవిడ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పాడు. దగ్గరికి వంగాడు. ఇంకా దగ్గరికి వంగాడు. నేను పక్కకి తిరిగాను. ఏడుపు ఆపుకోవడం నాకు చేతకాదు. అందుకే ఆయన కింద పెట్టిన మెషిను తిప్పి ప్యాడు చూశాను. తెల్లగానే ఉంది. ఒక్క చుట్టు ఇంకా తిరిగి ఉంటే ఏమయ్యేదో అల్లాకే తెలియాలి.

"ఎన్నాళ్ల నుంచి ఇట్టా?" అని అత్త అడిగింది.

"దుమ్మనుకున్నా మున్నీ" అన్నాడు మామ. చిన్నపిల్లాడిలా అన్నాడు. వినలేకపోయాను.

సోమవారం గుంటూరు తీసుకెళ్లి కంట్లో శుక్లాలేమో చూపించాలని అత్త అక్కడికక్కడే తేల్చేసింది. నేను కూడా వస్తానన్నాను. మామ స్పిరిటు చల్లి బానెట్ తుడిచి, కారు గుమ్మం బయటికి తెచ్చి పెట్టాడు. ఉంగరం తొడుక్కుని, చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వెంకట్రామయ్య గారి కోసం లోపల స్టూలు మీద కూర్చున్నాడు.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఆయన వచ్చారు. కారు చుట్టూ తిరిగి, బానెట్ దగ్గర ఆగి, మీసం సవరించుకుని నవ్వారు. "మసక మొత్తం పోయినట్టే కదా సాయిబు గారూ?"

ఇంతకాలంలో ఆ ప్రశ్నకి మామ ఎవరికీ నోటితో జవాబు చెప్పలేదు. బోర్డు చదివి తాళాలు చేతిలో పెట్టేవాడు, అంతే.

"పోయిందంటున్నారండి" అన్నాడు. "నాకు కనపట్టంలా. కళ్లు పోయాయి. పోయిన సంగతి తెలీక మీ బానెట్ ఇంకోసారి అరగదీశాను. ఈ కరెంటోడు చెయ్యి అడ్డం పెట్టకపోతే రంగు బయటపడేది. ఇక ఈ బానెట్ మీద ఎవర్నీ మెషిను పెట్టనీకండి. నేనొచ్చి అడిగినా సరే, పెట్టనీకండి."

వెంకట్రామయ్య గారు గడియారం విప్పి జేబులో వేసుకుని, గుమ్మం దాటి లోపలికి వచ్చి మామ భుజం మీద చెయ్యి వేశారు. అలేఖ్య చేత శుక్రవారం మిఠాయి పంపిస్తానన్నారు. కారు రోడ్డెక్కింది. ఎండలో ఒక్క గీత లేకుండా నల్లగా మెరుస్తూ పోయింది. మామ అది వెళ్లిన వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తున్నాడు.

అత్త షెడ్డుకి తాళం వేసి ఆయన చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటబోతూ ఆయన ఆగాడు.

"మున్నీ, తెల్లరాయి బాగుంది. నీకు ఎర్రదానికంటే ఇదే నప్పింది."

ఆయనకి రాయి కనబడలేదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. "ఇప్పటికి చెప్పారు" అని ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.