నీల్లు తాగి రమ్మన్నది నానే

2023 వేసంకాలం. టౌను గవర్నమెంటు ఆస్పత్రిలో స్కానింగు గది గుమ్మం కాడ నాను పనిలో సేరి అప్పటికి ఏడాదైనాది. ఇంటరు తప్పినదాన్ని, పెద్ద పనేటి ఇస్తారు? టోకెన్లు రాయడం, పేర్లు పిలవడం, ఒకలొకల్ని డాట్రమ్మ కాడికి పంపడం. అంతే.

ఈ పని తెలీనోల్లకి ఒక ముక్క సెప్పాల. ఆడోల్ల పొత్తికడుపు స్కానింగుకి "ఫుల్ బ్లాడర్" కావాల. అంటే లీటరు నీల్లు తాగి, ఒంటికెల్లకుండా ఆపుకోని రావాల. అలా నిండితేనే గర్బసంచి బాగా కనపడతాది. అందుకే పలానా రోజు రమ్మని టోకెను రాసినప్పుడు అందరికీ ఒకే పాట పాడీదాన్ని. "నీల్లు తాగి రండి. ఆపుకోండి. మూడుమాట్లు పిలుస్తాను, పలక్కపోతే టోకెను ఆకరికెల్లిపోతాది."

పైడమ్మ నౌపడ కాడ ఉప్పు మడుల్లో పన్జేస్తాది. నలబై దాటుంటాయి. నెలల బట్టీ కడుపులో నొప్పి, రక్తం ఎక్కువ పోతన్నాది. స్కానింగు కాగితం సూస్తేగానీ ఏటి సెయ్యాలో సెప్పలేమన్నారంట పెద్ద డాట్రు. మొదటిసారి స్కానింగుకి వచ్చినప్పుడు పిలిసినాను, పలకనేదు. టోకెను ఆకరికెల్లిపోనాది, ఆ వంతు వచ్చేసరికి స్కానింగు టైమైపోనాది. తరవాతి వారం కూడా అంతే.

"ఏటి పిన్నీ, పిలిస్తే ఉండవు? టీలు తాగడానికి వస్తన్నావేటి ఇక్కడికి?" అని అందరి ముందరా అనేసినాను. బెంచీల మీదున్న మగోల్లు కిసుక్కున నవ్వినారు. ఆ మనిసి తల దించుకోని ఎల్లిపోనాది.

మూడో వారం మల్లీ వచ్చినాది. మొగం సున్నంలా తెల్లబడి ఉన్నాది. పిలిసినాను. నేదు. మల్లీ పిలిసినాను. నేదు. మూడోమాటు పిలిసి టోకెను కిందకి పెడతంటే, తడి కాల్లతో గోడ పట్టుకోని వచ్చినాది.

"ఉన్నాను తల్లీ, ఉన్నాను!"

"మూడుమాట్లూ అయిపోనాయి పిన్నీ."

అంతే, ఒక్కసారి నా మీదకి లేసిపోనాది.

"ఒలే గుంటా! నువ్వే కదే తాగి రమ్మన్నావు? తెల్లారకుండా ఇంటికాడే సెంబుడు నీల్లు తాగినాను. ఆటోలో కుదుపు, బస్సులో కుదుపు, ఇక్కడికొచ్చి రెండు గంటలు. పల్లు బిగబట్టుకోని కూకున్నాను. ఇంక ఆపలేక అలా ఎల్తానో నేదో, ఇలా పిలుస్తావు. మూడు వారాల బట్టీ ఇదే. ఇంతమంది మగోల్లలో ఏటని సెప్పీది నీకు?"

గబుక్కున లేసి, ఆ మనిసిని నా స్టూలు మీదే కూకోబెట్టినాను. కోపం దిగినాక కల్లు తుడుసుకోని మెల్లగా అన్నాది. "మడుల్లో మరుగేటుంటాదమ్మా? కనుసూపు మేర తెల్లగా ఉప్పే. అందుకే పనిలోకి దిగితే ఇంటికొచ్చీదాకా గుక్క నీల్లు తాగం. ఇన్నేల్లూ అలాగే బతికినాం. ఇప్పుడు ఒక్కసారి లీటరు పొయ్యమంటే ఈ ఒల్లు ఎలాగ ఆపుతాది?"

లోపలికెల్లి డాట్రమ్మకి సెప్పినాను. "తప్పు నాదండి. తాగమన్నాను గానీ ఎప్పుడు తాగాలో సెప్పనేదు. ఈవేల ఈ మనిసిని ఎనక్కి పంపీకండి."

ఆవిడ గడియారం సూసినారు. "ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురండి."

"ఆఖర్న తీసుకురా. చూస్తాను."

నా బాటిలు ఇచ్చి గుక్కా గుక్కా తాగించినాను. ఒకపక్క పేర్లు పిలుస్తన్నాను, ఒకపక్క ఆవిడ సెయ్యి పట్టుకున్నాను. ఇంక ఇద్దరున్నారనగా కాల్లు ముడుసుకోని అటూఇటూ ఊగతన్నాది.

"ఓర్సుకో పిన్నీ, నీ పుణ్యముంటాది. వరదొచ్చినా గేట్లు ఎత్తకు."

"ఒలమ్మో, నవ్వించకే! నవ్వితే మూడు వారాల కష్టమూ నీ స్టూలు మీదే పోద్ది!"

నవ్వాపుకోలేక నాను మొగం తిప్పేసుకున్నాను.

స్కానింగులో గర్బసంచిలో గడ్డ కనపడినాది. "చూడటానికి చెడ్డదిలా లేదమ్మా, కానీ ఇంక ఆలస్యం చెయ్యకు. ఒంట్లో రక్తం మిగలదు" అని డాట్రమ్మ మెత్తగా సెప్పినారు. పైడమ్మ ఆ కాగితం రెండు సేతుల్తో పట్టుకోని, భయపడతాదనుకుంటే, ఊపిరి ఒదిలినాది. "ఏటున్నాదో తెలిసినాది కదమ్మా, సాలు." నెలలోపే ఆపరేసను అయినాది. ఇప్పుడు బాగున్నాది.

ఆ రోజు నుంచి నాను ఎవలికీ తాగి రమ్మని సెప్పను. వచ్చినాక, ముందర ఎంతమందున్నారో లెక్క సూసి, పక్కకెల్లి సెవిలో సెప్తాను, "ఇప్పుడు మొదలెట్టు" అని. ఎవలైనా పలక్కపోతే టోకెను ముట్టుకోకుండా ముందు బాత్రూము కాడికెల్లి సూసొస్తాను.

మాట ఇననోల్లే ఇలా ఎనక్కి పోతారనుకునీదాన్ని. పైడమ్మ నా మాట ఒక్కటి కూడా తప్పనేదు. నాను సెప్పినది సెప్పినట్టు సేసినందుకే మూడుమాట్లు వంతు పోగొట్టుకున్నాది.