ల్యాప్‌టాప్‌లోంచి లేచిన కారం

ఇల్లందులో మాకు మిరపకాయలు పట్టే చిన్న కారం గిర్ని ఉంది. అక్కడ నేను రోజూ లెక్కలు రాసుకునే ల్యాప్‌టాప్‌లోనే ఈ రోజు మా అమ్మాయి మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇంకాసేపట్లో మొదలవుతుందనగా అది పెనంలా కాలి, దానంతటదే ఆగిపోయింది.

మిరపపొడి పడకుండా నేను దానికి గుడ్డ తొడుగు కుట్టించాను. మా ఆవిడ అది చూసి, "ముక్కుకు గుడ్డ కట్టుకునుడు మనకు. దానికి గట్ల కడితే ఊపిరి ఎట్ల ఆడుతది?" అంది.

తొడుగు తీసి, అడుగు మరలు విప్పాను. ఫ్యాన్ నిండా ఎర్రటి పొడి. బ్రష్‌తో దులిపేసరికి ముగ్గురమూ తుమ్ములే తుమ్ములు. ల్యాప్‌టాప్ చల్లబడి ఆన్ అయింది గానీ, అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు.

ఇంటర్వ్యూ మొదలవగానే, ప్రశ్నలు అడగాల్సిన తెర మీది పెద్దాయన కంగారుపడ్డారు. "ఏమ్మా, ఏడుస్తున్నావా?"

కాలేజీ స్నేహితులు ఇంటికొస్తే, గిర్ని కనబడకుండా వెనక సందులోంచి తీసుకొచ్చే పిల్ల తను. ఏం చెబుతుందోనని తలుపు పక్కనే నిలబడ్డాను.

"లేదు సార్. మాది కారం గిర్ని. ల్యాప్‌టాప్ వేడెక్కితే మా నాన్ననే విప్పి దులిపిండు. ఆ కారం కళ్ళల్ల పడ్డది," అని నవ్వేసింది. ఆయనా నవ్వారు.

ఉద్యోగం సంగతి ఇంకా తెలియదు. "మాది" అన్న మాట మాత్రం సాయంత్రం దాకా నా చెవిలోనే ఉంది.

నీ కళ్ళెందుకు తడిశాయని మా ఆవిడ అడిగితే, కారమనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మీరైనా నమ్ముతారా?