మూలిగితే మోత

మా ఆయన బ్రేకులు బాగుచేసేవారు. బండి మొత్తం బాగుచెయ్యడం వేరు, బ్రేకులు ఒక్కటే చూడడం వేరు. బస్సుల డిపో గోడకి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళు బండ్ల కింద వెల్లకిలా పడుకుని అదే పని చేశారు. అందరూ ఆయన్ని 'బ్రేకులు' అనే పిలిచేవాళ్ళు. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "బ్రేకులున్నాడా అమ్మా?" అని అడిగితే, "ఉన్నాయి, అన్నం తింటున్నాయి" అని లోపలినుంచి ఆయనే జవాబు చెప్పేవారు.

సాయంత్రం ఇంటికి రాగానే సబ్బుపొడిలో రంపప్పొట్టు కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవారు. అయినా గోళ్ళ అంచుల్లో నలుపు పోయేది కాదు. పెళ్ళైన కొత్తలో ఆ చేతులు చూసి నేను మొహం చిట్లించాను. ఆయన మర్నాటినుంచి చెంచాతో తినడం మొదలుపెట్టారు. నాకు సిగ్గేసింది. వారం తిరక్కుండా చెంచాలన్నీ తీసి దాచేశాను.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన బండిని ఊరికే అప్పగించేవారు కాదు. బండి సొంతదారుని తోలే చోట కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, డిపో వెనకాల ఉన్న పల్లం మీద మూడుసార్లు బ్రేకు తొక్కించేవారు. "నా మాట నమ్మొద్దు, నీ కాలుని నమ్ము" అనేవారు. ఇంకొకటి కూడా ఉంది. ఎవరైనా వచ్చి "బ్రేకు కీచుమంటోంది, కాస్త ఏదైనా రాసి చప్పుడు పోగొట్టు" అంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండేది.

"కీచుమంటోందంటే అరిగిపోయానని చెప్తోందయ్యా. చెప్పేదాని నోరు మూయించి కొండెక్కుతావా?" అనేవారు. పెద్దగా కోపం రాని మనిషికి కోపం వచ్చేది ఆ ఒక్క చోటే.

ఆయనకి ఇద్దరు స్నేహితులు. ఒకాయన మందుల షాపు, ఇంకొకాయన లెక్కల మాస్టారు. ముగ్గురూ మూడో తరగతినుంచి ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. మా ఆయన తొమ్మిదితో చదువు ఆపేసి షెడ్డుకి వెళ్ళిపోయినా ఆ బల్ల మాత్రం విడిపోలేదు. వాళ్ళిద్దరికీ నేను చెల్లెమ్మని, నాకు వాళ్ళు అన్నయ్యలు, మా పిల్లలకి మామయ్యలు.

చిన్నప్పుడు వాళ్ళు బడికి రెండు మైళ్ళు నడిచి వెళ్ళేవారట. దారిలో ఎవడు ముందుగా కాళ్ళు నొప్పులనో, ఎండ అనో అంటే వాడు మిగతా ఇద్దరి పుస్తకాల సంచులూ మోయాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'మూలిగితే మోత'. పెద్దయ్యారు, పెళ్ళిళ్ళయ్యాయి, జుట్టు అక్కడక్కడా నెరిసింది, ఆ ఆట మాత్రం పోలేదు. ఏటా వేసవిలో మూడు కుటుంబాలం మందుల షాపు అన్నయ్య వ్యానులో కొండ మీదికి వెళ్ళేవాళ్ళం. ముందు రోజు మా ఆయన వ్యాను కింద దూరి బ్రేకులన్నీ ఊడదీసి బిగించేవారు. దారి పొడుగునా ఎవరు ముందు మూలుగుతారా అని అందరూ చెవులు రిక్కించుకుని కూర్చునేవారు. వ్యాను ఆగే చోటినుంచి మేం దిగే ఇంటికి నూట నలభై మెట్లు. మూలిగినవాళ్ళు మూడు కుటుంబాల సంచులూ ఆ మెట్ల మీదుగా చేర్చాలి.

ఎప్పుడూ మాస్టారే దొరికిపోయేవారు. ఆయనకి చలి అంటే పడదు. మూడో మలుపు దగ్గరే "అబ్బా" అనేవారు. "వీడికి లెక్కలు వచ్చు గానీ లెక్కలేదురా" అని మిగతా ఇద్దరూ ఆటపట్టించేవారు. పదకొండేళ్ళలో మా ఆయన ఒక్కసారి కూడా దొరకలేదు. అది ఆయనకి గొప్ప. వాళ్ళిద్దరికీ కంట్లో నలుసు.

పన్నెండోసారి వెళ్ళినప్పుడు పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నాడికి మూడు. మధ్యాహ్నం వ్యాను దిగాము. ఆయన తలుపుకి ఆనుకుని నిలబడి రొమ్ము రాసుకుంటున్నారు. మందుల షాపు అన్నయ్యతో మెల్లిగా అన్నారు.

"రొమ్ము బిగదీసినట్టుందిరా. ఎడమ చెయ్యి కూడా లాగుతోంది."

మాస్టారు చప్పట్లు కొట్టి గెంతారు.

"దొరికాడ్రా! పన్నెండో ఏటికి దొరికాడు! రాసి పెట్టుకోండి, తారీకు వేసి రాసి పెట్టుకోండి!"

"నిజంగానేరా" అన్నారు ఆయన.

"మేం మాత్రం ఏటా అబద్ధంగా మూలిగామా?" అన్నారు మాస్టారు.

మందుల షాపు అన్నయ్య సంచిలోంచి ఒక బిళ్ళ తీసి ఇచ్చారు. "గ్యాస్‌రా అది. దారిలో ఆ నూనె సరుకు తినొద్దంటే విన్నావా? బిళ్ళ వేసుకో, మోత మోయి" అని ఆ సంచే ముందు ఆయన భుజానికి తగిలించారు. తర్వాత అందరం తగిలించాము. పిల్లలందరూ ఎగురుతూ వాళ్ళ సంచులు తెచ్చారు. మా పెద్దది బొమ్మల సంచి ఇచ్చింది. నీళ్ళ సీసాల సంచి ఆయన మెడకి వేసింది నేనే. వేస్తూ నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను.

"బ్రేకుల్ని లారీని చేశారు కదరా" అంటూ ఆయన ఎక్కారు.

పైకి వెళ్ళాక సంచులు ఒక్కొక్కటీ దించి గోడవారగా వరసగా పెట్టారు. అరుగు మీద కూర్చుని బూటు లేసు విప్పుకోబోయి ఆగిపోయారు. అంత చలిలోనూ చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మొహం బూడిద రంగులోకి తిరిగింది. అప్పుడు ఆగింది నా నవ్వు.

వాళ్ళిద్దరూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. వ్యానులో తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆసుపత్రి కొండ కింద ఉంది, గంటన్నర దారి. మందుల షాపు అన్నయ్య తోలుతున్నారు. ఎన్ని మలుపులో లెక్కలేదు. ప్రతి మలుపులోనూ కాలు ఆనించగానే వ్యాను చప్పుడు లేకుండా మాట విన్నది. ముందు రోజు ఆయన చేసిన పని అంత శుభ్రంగా ఉంది. సగం దారిలో ఆయన చెయ్యి నా చేతిలో బరువైపోయింది.

కింద డాక్టరు అడిగాడు, "నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని.

"ఏమీ చెప్పలేదండీ" అన్నారు మందుల షాపు అన్నయ్య. "అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆ మాట మాకంటే ముందు ఇల్లు చేరింది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పారు. ఒక్క మాట అనలేదట, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట, నవ్వుతూ వెళ్ళిపోయాడట. మా అత్తగారు ఆ మాట పట్టుకుని బతికారు. "నా కొడుకు చిన్నప్పుడూ అంతే, దెబ్బ తగిలినా చెప్పేవాడు కాదు" అని తానూ రెండు మాటలు కలిపారు. అవునవునని తలలూపారు. నేనూ ఊపాను. నీళ్ళ సీసాల సంచి ఎవరు వేశారని ఎవరైనా అడుగుతారేమోనని ఊపాను.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్న పక్క దులుపుతుంటే పెద్దదాని దిండు మీద పసుపు మరక కనిపించింది. చెవినుంచి చీము. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. నాలుగు రోజులుగా నొప్పట. డాక్టరు నన్నే చీవాట్లు పెట్టాడు. తర్వాత నెలలోనే బడి తలుపులో వేలు పడితే గోరు నల్లబడేదాకా పిడికిలి మూసుకుని తిరిగింది. దాని పిడికిలి విప్పదీసి అడిగాను.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే మోయిస్తారు."

"ఎవరు మోయిస్తారే?"

అది నా వంక చూసింది. "నాన్న చెప్పాడుగా. అందరూ నవ్వారు. ఇప్పుడేమో చెప్పలేదంటున్నారు."

"తప్పేనే తల్లీ" అన్నాను. అది నమ్మలేదు. ఎలా నమ్ముతుంది, నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. ఆ నాలుగు రోజుల చెవినొప్పి ఇంకా ఎన్ని రకాలుగా వస్తుందోనని నాకు పగలు పని సాగేది కాదు. స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా తడిమి చూసుకునేదాన్ని. ఎక్కడ నొక్కినా "ఏం లేదు" అనేది. అడిగినకొద్దీ నోరు గట్టిగా మూసుకునేది.

అందుకే వేసవిలో "పిల్లలకి మార్పుగా ఉంటుంది రా చెల్లెమ్మా" అని వాళ్ళు పిలిస్తే కాదనలేదు. ఆ కొండ మొహం చూడాలని కాదు. ఆ ఇద్దరిలో ఒక్కరు నా కూతురికి ఎదురుగా ఒక్క మాట చెప్పాలి. మీ నాన్న నొప్పని చెప్పాడు, మేం విని ఉండాల్సింది అని. నా మాట కంటే వాళ్ళ మాటకి బరువెక్కువ. నేను మోసుకెళ్ళిన ఆశ అదొక్కటే.

దారంతా ఎవరూ ఆ ఆట మాటెత్తలేదు. మెట్ల దగ్గర సంచులు దించుతుంటే మందుల షాపు అన్నయ్య చిన్నకొడుకు అలవాటు కొద్దీ "మూలిగితే మోత!" అని అరిచాడు. వాళ్ళమ్మ వాడి నోరు మూసింది. ఎవరి సంచులు వాళ్ళం పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాము.

డెబ్బయ్యో మెట్టు దగ్గర చూశాను. పెద్దదాని కొత్త బూట్లలోంచి మడమ దగ్గర తెల్ల మేజోడు ఎర్రగా కనిపిస్తోంది. చర్మం లేచిపోయి ఎంతసేపయిందో. అది పెదవి కొరుక్కుని ఎక్కుతోంది.

మందుల షాపు అన్నయ్యా చూశారు. చూసి మెచ్చుకోలుగా తల ఊపారు. "చూడండి, అచ్చం తండ్రే. కిక్కురుమనదు."

దాని మొహం వెలగలేదు. ఇంకొంచెం గట్టిగా పెదవి కొరుక్కుంది.

నేను చేతిలో సంచి మెట్టు మీద పెట్టాను.

"ఆయన చెప్పారు అన్నయ్యా."

"ఏం చెప్పాడమ్మా?"

"రొమ్ము బిగదీసినట్టుంది అన్నారు. చెయ్యి లాగుతోంది అన్నారు. మీతోనే అన్నారు. ఆ మాట దీనికి చెప్పండి. ఇది విన్నది. మనందరం లేదంటుంటే దీనికి పిచ్చెత్తుతోంది. నొప్పులన్నీ కడుపులో దాచుకుంటోంది. ఒక్క మాట చెప్పండి, చాలు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని ఆయన దూరంగా చూశారు.

"ఇప్పుడే కావాలి. మడమ చూడండి."

"ఏం చెప్పమంటావు? మేమే చంపామని చెప్పమంటావా?"

"విని ఉండాల్సింది అని చెప్పండి."

ఆయన భార్య కిందినుంచి గొంతెత్తింది. "పోన్లే పాపమని వెంట తీసుకొస్తే ఇదా వదినా? ఆయన బిళ్ళ ఇవ్వలేదా? గంటన్నర దారి చేతులు వణుకుతుంటే తోలలేదా?"

అదీ నిజమే. చేతులు వణకడం నేనూ చూశాను. అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

అప్పుడు మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు. మా పెద్దదాని ఎత్తుకి తల వచ్చేలా కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నారు. "అమ్మలూ, మీ నాన్న ఆ రోజు..." అన్నారు. అది కళ్ళు పెద్దవి చేసుకుని ఆయన మొహంలోకి చూస్తోంది.

"ఒరేయ్, పద. వానొచ్చేలా ఉంది" అన్నారు మందుల షాపు అన్నయ్య.

ఆకాశంలో మబ్బు తునక లేదు. మాస్టారు మాత్రం చెయ్యి వదిలేసి లేచారు. ప్యాంటు వెనకాల దుమ్ము దులుపుకున్నారు. నా సంచి కూడా తీసుకోబోయారు. నేను ఇవ్వలేదు. ఇద్దరూ ముందుకు వెళ్ళిపోయారు, వాళ్ళ వెనక వాళ్ళ వాళ్ళు.

మెట్టు మీద మేం ముగ్గురమే మిగిలాము. దాని బూటు విప్పాను. మేజోడు పుండుకి అంటుకుపోయింది. సీసాలో నీళ్ళు పోసి తడిపి మెల్లగా లాగాను.

"నాన్న చెప్పారు" అన్నాను. "నువ్వు విన్నది నిజం. నేనూ విన్నాను. ఆట అనుకుని నవ్వాను. నీళ్ళ సీసాల సంచి నేనే వేశాను. తర్వాత డాక్టరు అడిగినప్పుడు కూడా చెప్పలేదు."

అది మేజోడు వంక చూసింది.

"నేను బొమ్మల సంచి ఇచ్చాను."

"అందులో దూది తప్ప ఏముందే. నువ్వు అడిగావు, ఆయన తీసుకున్నారు. మేం పెద్దవాళ్ళం. మేం వినాలి. వినలేదు."

చిన్నాడు మెట్ల మీద గులకరాళ్ళు దొర్లించుకుంటున్నాడు. పైన ఎవరో మా కోసం వెనక్కి చూసి మళ్ళీ నడిచారు.

"మండుతోంది" అంది అది. నీళ్ళు ఆరిపోయాక అన్నది. ఏడాదిలో అదే మొదటిసారి.

ఇక పైకి వెళ్ళలేదు. దాన్ని చంకనెత్తుకుని, చిన్నాణ్ణి చేత్తో పట్టుకుని, సంచి భుజాన వేసుకుని డెబ్బై మెట్లూ దిగాను. ఎనిమిదేళ్ళ పిల్ల, బరువే. కింద బస్సు కోసం రెండు గంటలు కూర్చున్నాము.

వాళ్ళు మళ్ళీ పిలవలేదు. మనిషి పోయాక ఆవిడకి మతి నిలకడ లేదని మందుల షాపులో అనుకుంటున్నారని విన్నాను. మాస్టారు ఒకసారి మా వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారని ఎదురింటావిడ చెప్పింది. మా అత్తగారికి నేను నిజం చెప్పాను. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ చుట్టాలొస్తే పాత కథే చెప్తారు. నేను తల ఊపడం మానేశాను.

పెద్దది మాత్రం ఇప్పుడు అన్నీ చెప్తుంది. దువ్వెన లాగుతోందంటుంది, పన్ను కదులుతోందంటుంది, చొక్కా మెడ గీరుకుంటోందంటుంది. ఇంత సణుగుడు పిల్లని ఎక్కడా చూడలేదని ఎదురింటావిడ నవ్వుతుంది. నాకు విసుగు రాదని కాదు. నిన్న అన్నం ఉడుకుతుంటే వచ్చి, చిటికెన వేలు దురదగా ఉందంది. అంతే, ఒట్టి దురద. పొయ్యి ఆపి, దీపం కిందకి తీసుకెళ్ళి, చూశాను.