బాబా తల వెనక నేను తీసిన వెలుగు

ఫోటో అబద్ధం చెప్పదని మీకెవరు చెప్పారు? గుంపు ఎందుకు నమ్ముతుందో పరిశోధించి రాయడం నా వృత్తి. అందుకే నస్రుల్లాబాద్ దగ్గర ఒక బాబాను ఫోటో తీసి పత్రికలో వేయించాను. లెన్సులో ఎండ పడి, ఆయన తల వెనక గుండ్రని వెలుగు వచ్చింది. నెల తిరక్కుండా బాన్సువాడలో దాన్ని పటం కట్టి అమ్మారు. మా పక్కింటి అక్క షుగర్ మాత్రలు మానేసి ఆ పటానికి మొక్కడం మొదలుపెట్టింది.

"అది ఎండ వెలుగక్కా, మహిమ గాదు," అన్నాను.

"తీసినోనివి నువ్వే, గాదనేటోనివీ నువ్వేనా? ఆయనే నీతోని తీయించుకున్నడు. నీకేమెరుక."

మర్నాడు ఆమెను వాకిట్లో ఎండకు అడ్డంగా నిలబెట్టి అలాగే తీశాను. ఆమె తల వెనకా వెలుగొచ్చింది. ఫోటో ఆమెకు చూపించాను.

"ఇగ నాకు గూడ మొక్కుతరా ఏంది," అని నవ్వింది. మాత్రలు మింగుతోందో లేదో నాకిప్పటికీ అనుమానమే. మీ ఇంట్లో మందులు మాని పటాన్ని నమ్మేవాళ్లుంటే, ఇవాళే దవాఖానకు తీసుకెళ్లండి.