ధర్నా టెంటులో కొత్త విండోస్

సకల జనుల సమ్మె రోజుల్లో మా అక్కకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. విడిభాగాలు తెచ్చి మేమే బిగించాలి, అందులో కొత్త విండోసే ఎక్కించాలి. పాతదాంట్లో తెలుగు టైపు చేస్తే అక్షరాలకు బదులు గళ్లు కనిపిస్తాయని ఆమె కోపం.

బస్సులు బంద్. జనగామలో సామాన్లు, ఓ చిన్న ప్రింటరు కొని ఆటోలో మా ఊరు పాలకుర్తికి బయలుదేరాం. దేవరుప్పుల దగ్గర రాస్తారోకో.

"గీ డబ్బాలల్ల ఏందక్కా?" అని అడిగాడు ఒకాయన.

అక్క రెప్ప వేయకుండా, "ఉద్యమానికే అన్నా. మా పాలకుర్తిల కరపత్రాలు కొట్టనీకి కంప్యూటర్," అంది.

ఆ మాట నేను వినడం అప్పుడే. వాళ్లు మాత్రం మురిసిపోయి, డబ్బాలు నెత్తిన పెట్టుకుని అవతలి ఆటో దాకా మోశారు.

మర్నాడు పొద్దున్నే మా ఊరి ధర్నా శిబిరం నడిపే పంతులుగారు ఇంటికొచ్చారు. ఆయనకు కబురందింది. "కరపత్రం ఎప్పుడిస్తవు బిడ్డా?"

కంప్యూటర్ ఇంకా ముక్కలుగా నేల మీదే ఉంది. గబగబా బిగించాం. విండోస్ సగం ఎక్కిందో లేదో కరెంటు పోయింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ పోయింది. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే మా మామ కూడా సమ్మెలోనే ఉన్నాడు.

"మీ మామ బొగ్గు తవ్వుతలేడు, మీకు కరెంటు ఏడికెళ్లొస్తది?" అని బాపు నవ్వాడు.

అక్క ఊరుకుంటుందా! పంతులుగారి దగ్గరికి పరిగెత్తి, "సార్, టెంటుల మైకుకు జనరేటర్ ఉన్నది గదా?" అంది.

అలా మా కంప్యూటర్ వంటావార్పు పొయ్యిల పక్కన బల్లెక్కింది. ఉపన్యాసం వినేవాళ్లు లేరు. అందరి చూపూ తెర మీద పెరుగుతున్న అంకె మీదే.

"ఎంతకొచ్చింది?"

"ఎనభై!"

రంగుల కిటికీ వెలగగానే ఎవరో "జై తెలంగాణ!" అని అరిచారు. టెంటంతా అందుకుంది.

'మా రాష్ట్రం మాకియ్యుండ్రి' అని అక్క టైపు చేసింది. పంతులుగారు కళ్లద్దాలు సర్దుకుని, "'ఇవ్వవలెను' అని రాయి బిడ్డా, జర పద్ధతిగుంటది," అన్నారు.

"మీరిప్పుడు మాట్లాడింది ఏ పద్ధతి సార్?"

అందరూ గొల్లుమన్నారు. ఆయనకూ నవ్వాగలేదు. "సరే తియ్, గట్లనే ఉండనీ."

అచ్చయిన కాగితాన్ని బాపు మా దుకాణం తలుపుకు అంటించి, వచ్చినవాళ్లందరికీ "మా బిడ్డ కొట్టింది" అని చెప్పాడు.

సమ్మె ముగిసేదాకా కంప్యూటర్ ఇల్లు చేరలేదు. వచ్చాక విప్పి చూస్తే ఫ్యాను నిండా పసుపు, బూడిద. బ్రష్షుతో దులుపుతూ అక్క నా వైపు తిరిగింది.

"ఇగ దీంట్ల కారు రేసు గేమ్ ఎక్కిద్దామా?"