రాహుకాలంలో గట్టిమేళం

ఆదివారం ఉదయం ఆరున్నరకు కాజీపేటలో సికిందరాబాదు పాసింజరు ఎక్కాను. మాఘమాసం. పెట్టె నిండా పెళ్ళివాళ్ళే. నేనూ పెళ్ళికే వెళ్తున్నాను, కాకపోతే జరిపించడానికి. మంత్రాలూ పురోహితుడూ లేని దండల పెళ్ళిళ్ళు ఇరవై ఏళ్ళుగా జరిపిస్తున్నాను. పంజాగుట్టలో ఆ సాయంత్రం నాలుగున్నరకు ఒకటి ఉంది.

కిటికీ పక్క సీటులో ఒక డోలు వాద్యకారుడు కూర్చున్నాడు. గుడ్డ చుట్టిన డోలు ఆయన ఒళ్ళో ఉంది. భువనగిరిలో పెళ్ళికి పోతున్నాడట. నా ముహూర్తం అడిగాడు, చెప్పాను.

"ఆదివారం నాలుగున్నరంటే రాహుకాలం కద సార్."

"అందుకే ఆ టైము పెట్టాను."

ఆయన నా ముఖం ఓసారి చూసి, "మేళం ఎవలది?" అన్నాడు. మేళం లేదన్నాను. "గట్టిమేళం లేకుంట పెండ్లెట్లయితది సార్? తాళి కట్టేటప్పుడు ఎవడన్న తుమ్ముతడు, ఎవడన్న నోరు జారుతడు. అది చెవుల పడొద్దనే కదా గంత గట్టిగ కొట్టుడు."

తుమ్ము ముక్కుకు సంబంధించినదనీ, దానికి పెళ్ళితో ఏ సంబంధమూ లేదనీ చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపి, భువనగిరి వచ్చేదాకా నిద్రపోయాడు.

నా పెళ్ళిళ్ళకు రెండు నియమాలున్నాయి. ఒకటి, ముహూర్తం రాహుకాలంలోనే. రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. దండలు మార్చుకునే ముందు సభను "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అని అడుగుతాను. చెబితే వింటాను, జవాబిస్తాను, తర్వాతే దండలు. ఒకప్పుడు ఒక ప్రచురణకర్త నా వ్యాసాలు ఏరి ఒక సంకలనం వేశాడు. నేను ఎవరికి జవాబు రాశానో ఆ ప్రత్యర్థుల ఉత్తరాలన్నీ తీసేసి, నా జవాబులు మాత్రం అచ్చువేశాడు. చదివితే ఖాళీ గదిలో చేతులు ఊపుతున్న మనిషిలా ఉన్నాను. ఎదుటివాడి మాట వినిపించకుండా గెలవడం గెలుపు కాదని అప్పటినుంచీ ఈ నియమం పెట్టుకున్నాను.

పదిన్నరకు సికిందరాబాదు చేరాం. స్టేషను ఎదుట ఇడ్లీ తిని, బేగంపేట మీదుగా పోయే బస్సెక్కాను. అమీర్‌పేటకు ముప్పావలా. ఆదివారం బస్సులు తక్కువ. ఈ దారిన వచ్చేవాళ్ళు అరగంట ముందుగా బయల్దేరడం మంచిది.

పెళ్ళికొడుకు యాదగిరికి అమీర్‌పేటలో, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద, రికార్డింగ్ సెంటర్ ఉంది. ఎవరికి కావలసిన పాటలు వాళ్ళు చెబితే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇస్తాడు. ఎర్రగడ్డ దగ్గర ఒకప్పుడు పొలమున్న కుటుంబం వాళ్ళది. తండ్రి మల్లయ్య కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

లోపల గోడ మీద ఒకే అమెరికన్ బృందం క్యాసెట్లు నాలుగు వరసగా పెట్టి ఉన్నాయి. అట్టల మీద పుర్రెలు, ఎముకలు. వాళ్ళ సంగీతాన్ని థ్రాష్ మెటల్ అంటారట. యాదగిరి ఒకటి పెట్టాడు. డ్రమ్ములు పరుగెత్తాయి. వాటిని పట్టుకోవాలని గిటార్లు వెంటపడ్డాయి. ఆ రెంటి మీద నుంచి ఒకడు ఎవరినో కోర్టుకు ఈడుస్తున్నట్టు అరిచాడు.

"ఇవి ఇనీ ఇనీ వీడు ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకే పోతడు సార్," అన్నాడు మల్లయ్య. "పొయ్యేటప్పుడు నన్ను సుత తోల్కపోతడు."

"నువ్ జర ఊకో నాయినా," అన్నాడు యాదగిరి. నాతో, "సార్, గీ మూడు స్టూడియో ఆల్బమ్‌లు. నాలుగోది కంపెనీ వాళ్ళే ఏరి ఏసిన కంపైలేషన్. మా లొల్లంత గీ నాలుగో దాని మీదనే మొదలైంది," అన్నాడు.

ఆ లొల్లి ఇది. మూడేళ్ళ కిందట ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసే వసంత అనే అమ్మాయి ఈ కొట్టుకు వచ్చి, రెండో ఆల్బమ్ మొత్తం ఎక్కించమని అడిగింది. మొత్తం ఎందుకు, ఆ నాలుగోదాంట్లోలాగా మూడింట్లోవీ మంచివి ఏరి ఇస్తానన్నాడు యాదగిరి. వాళ్ళు ఒక వరసలో పెట్టి చేసినదాన్ని ఏరడానికి నువ్వెవరివి అందామె. ఆ వాదన తేల్చుకోవడానికి వారానికోసారి వచ్చేది. ఇప్పుడు పెళ్ళి చేసుకుంటున్నారు గానీ వాదన తేలలేదు. నా సంకలనం అనుభవం చెప్పి, నేను అమ్మాయి పక్షమే అన్నాను. యాదగిరి ముఖం చిన్నబోయింది.

ఒంటిగంటకు ఎర్రమంజిల్ క్వార్టర్లలో వసంత వాళ్ళింట్లో భోజనం. వంకాయ కూర, పప్పుచారు, గడ్డపెరుగు. వసంత చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి రత్నమ్మగారిది తెనాలి వైపు. వసంతను చదివించింది రత్నమ్మగారి అన్నయ్య కోటేశ్వరరావు. కులం వేరని ఈ పెళ్ళికి ఆయన ఒప్పుకోలేదు.

పాటల్లో ఏముంటుందని వసంతను అడిగాను. యుద్ధానికి పిల్లల్ని పంపే పెద్దల మీద, అమ్ముడుపోయే న్యాయం మీద అంది. అయితే ఇవీ ఉపన్యాసాలే, కాస్త గొంతు ఎక్కువ అనుకున్నాను.

పెరుగు వడ్డిస్తూ రత్నమ్మగారు అడిగారు. "మీరు సభలో అభ్యంతరాలు అడుగుతారటగా. అది అడక్కుండా కుదరదాండీ?"

"కుదరదమ్మా. అది లేకపోతే నేను చేసేది పెళ్ళే కాదు."

"మా అన్నయ్య వస్తున్నాడండీ. దీవించడానికి కాదు." ఆవిడ గిన్నె కింద పెట్టారు. "ఆయన అన్న మాట వెనక్కి తీసుకోడు. ఒకసారి మా బాబాయిని నలుగురిలో అన్నాడు, ఈ రోజు నుంచి నాకు బాబాయి లేడు అని. ఆ బాబాయి పోయినప్పుడు వీధి చివరిదాకా వచ్చి, అక్కడే నిలబడి ఏడ్చాడు గానీ గడప తొక్కలేదు. ఇంట్లో నాతో ఏమన్నా పర్లేదు, నేనెలాగో సర్దుకుంటాను. నలుగురూ విన్నాక ఆయన చేతిలో ఏమీ ఉండదండీ. నాకున్నది ఆ ఒక్క అన్నయ్యే."

"ఆయన చెప్పనీయండి. నేను జవాబు చెబుతాను," అన్నాను.

"మీ జవాబు నాకెందుకండీ?" అన్నారావిడ కోపం లేకుండానే. "పోనీ, గట్టిమేళమైనా పెట్టించండి."

అదీ కుదరదన్నాను. అప్పుడు వసంత కల్పించుకుంది. "క్యాసెట్ పెడితే ఏంటండీ? అది మేళం కాదుగా. మంగళవాద్యం అనడానికి ఎవరికీ నోరు రాదు."

ఆలోచించాను. ఆ బృందానికి శుభమూ అంటుకోలేదు, అశుభమూ అంటుకోలేదు. అభ్యంతరాలన్నీ విన్న తర్వాత, దండలు మార్చుకునేటప్పుడు మాత్రమే వేయాలన్న షరతు మీద ఒప్పుకున్నాను. ముందు నేను వినాలన్నాను. వినకుండా దేన్నీ ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

మూడున్నరకు పంజాగుట్టలో హాలుకు చేరుకున్నాం. ఒక మేడ మీద అరవై కుర్చీలు పట్టే గది. యాదగిరి తన టేప్‌రికార్డరు, రెండు పెద్ద స్పీకర్లు తెచ్చి మూల పెట్టాడు. క్యాసెట్ అతను ఏర్చి కూర్చినదే. వసంతకు అందులో నచ్చని విషయాలు రెండు. మొదటి పాట చాలా మెత్తగా మొదలవుతుంది. పాటకూ పాటకూ మధ్య యాదగిరి మరీ ఎక్కువ ఖాళీ వదిలాడు.

"మనిషికి జర ఊపిరి తీస్కోనీకి టైం ఉండాలె కద," అన్నాడు యాదగిరి.

"ఊపిరి తీసుకోవాలంటే ఈ పాటలెందుకు వింటారు?" అంది వసంత. మూడో పాట ఎత్తుగడే గట్టిగా ఉంటుందని, క్యాసెట్‌ను సరిగ్గా అక్కడ నిలిపి, తల్లికి నొక్కాల్సిన మీట చూపించి చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

మిగతావాళ్ళూ బయటికి వెళ్ళాక నేను క్యాసెట్ మొదటి నుంచీ పెట్టి, శబ్దం తగ్గించి విన్నాను. గ్రంథాలయం పుస్తకం మూసి ఇచ్చినట్టు, మళ్ళీ మొదటికి తిప్పి శబ్దం యథాప్రకారం పెట్టాను. క్యాసెట్‌ను మధ్యలో నిలపడానికి కూడా ఒక కారణం ఉంటుందని అప్పుడు నాకు తోచలేదు.

నాలుగున్నరకు హాలు నిండింది. కోటేశ్వరరావుగారు చివరి నిమిషంలో వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. తెల్లచొక్కా, మడత నలగని కండువా, చెంపలు నెరిసిన మనిషి. ఎవరి వైపూ చూడలేదు. పెళ్ళి ఇద్దరి ఒప్పందమనీ, అగ్నికి సాక్ష్యం చెప్పే నోరు లేదనీ అరగంట మాట్లాడాను. తర్వాత అడిగాను.

"ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి."

ఆయన లేచి నిలబడ్డారు. వసంత చేతిలో దండ కిందికి జారింది. "చెప్పండి," అన్నాను. జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది.

అప్పుడు మూల నుంచి గిటారు మోగింది. ఒకే గిటారు, పక్కింట్లో ఎవరో తీగ సరిచేసుకుంటున్నంత నెమ్మదిగా. ఆ సన్నని మోత మీదుగా ఆయన గొంతు హాలంతా స్పష్టంగా వినపడింది.

"ఈ రోజు నుంచి నాకు..."

అక్కడ డ్రమ్ములు పడ్డాయి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ముందు వరసలో మల్లయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. కోటేశ్వరరావుగారి పెదవులు కదలడం, మాట పూర్తికావడం, ఆయన కూర్చోవడం నేను చూశాను. పది అడుగుల దూరంలో ఉన్నా ఒక్క అక్షరం వినపడలేదు. మూలకు తిరిగితే రత్నమ్మగారి వేలు మీట మీదే ఉంది. ఆపమని సైగ చేశాను. ఆవిడ గోడ వైపు చూశారు. వసంత యాదగిరి మెడలో దండ వేసింది. అతను కూడా వేశాడు. నేను చెప్పకుండా దండలు మారిన పెళ్ళి నా ఇరవై ఏళ్ళలో ఇదొక్కటే.

పాట అయిదారు నిమిషాలు నడిచి ఆగింది. యాదగిరి వదిలిన ఖాళీ వచ్చింది. ఆ నిశ్శబ్దంలో నా నియమం నాకు గుర్తొచ్చింది.

"కోటేశ్వరరావుగారూ, మీ అభ్యంతరం మాకు వినపడలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి," అన్నాను.

అప్పటికే రత్నమ్మగారు ఫలహారం పళ్ళెంతో ఆయన పక్కకు చేరారు. పళ్ళెంలో ఒక లడ్డు, గుప్పెడు కారబ్బూంది. ఆయన నన్ను చూశారు. పళ్ళేన్ని చూశారు. పళ్ళెం పట్టుకున్న చెల్లెల్ని చూశారు.

"ఈ రోజు నుంచి నాకు తీపి వద్దన్నాడండీ డాక్టరు," అన్నారు చివరికి. "అది చెబుదామని లేచాను."

"అభ్యంతరం అదేనా?"

"అదేనండి."

రత్నమ్మగారు లడ్డు తీసేసి, ఆ చోట ఇంకో గుప్పెడు కారబ్బూంది పెట్టారు. ఆయన తినడం మొదలుపెట్టారు. అంతలో రెండో పాట విరుచుకుపడింది. యాదగిరి దండతో సహా పరుగెత్తి ఆపేశాడు.

వచ్చేటప్పుడు వసంత నాకు లడ్డూల పొట్లం ఇచ్చింది. "క్యాసెట్ మొదటికి ఎవరు తిప్పారండీ?" అంది. నేనేనన్నాను. "మంచిదేలెండి. మామయ్య అనబోయిన మాటలో కనీసం ఆ సగమైనా అమ్మ విన్నది," అంది. అది మంచిదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఏడు దాటాక సికిందరాబాదులో విజయవాడ వైపు పోయే బండి ఎక్కాను. సీటు వెతుక్కుంటుంటే ఎదురుగా కోటేశ్వరరావుగారు. ఇద్దరం నమస్కారాలు పెట్టుకున్నాం. బండి భువనగిరి దాటింది. కులం మీద నా జవాబు నాలుగు కాగితాల్లో జేబులోనే ఉంది. అడిగేవాడు ఎదురుగానే ఉన్నాడు, గిటార్లూ లేవు. తీయలేదు.

"ఆ పాట ఏ భాషండీ?" అన్నారాయన.

"ఇంగ్లీషు."

"వాళ్ళేమంటున్నారో మీకేమన్నా తెలిసిందా?"

"ఒక్క ముక్క తెలియలేదు."

"అదే నయం," అన్నారు.

జనగామలో ఆకలివేసి పొట్లం విప్పాను. మర్యాదకు ఆయన ముందు పెట్టాను. ఆయన కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ చేయి చాపి ఒక లడ్డు తీసుకున్నారు. పూర్తిగా తిని వేళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి ఇంకోటి తీసుకున్నారు. అబద్ధం కనపడితే బయటపెట్టడం నా వృత్తి. ఈసారి నేనూ ఒకటి తిన్నాను.

డోలు వాయించే ఆయన పొద్దున చెప్పినదానితో నేనిప్పటికీ ఏకీభవించను. తుమ్ముకు శకునం లేదు, రాహువుకు కాలం లేదు. కానీ మనిషి అన్న మాటకు బరువుందని, ఆ బరువు విన్నవాళ్ళ సంఖ్యను బట్టి పెరుగుతుందని పంజాగుట్టలో చూశాను. నా నియమాలు మార్చుకోలేదు. ఇప్పటికీ అభ్యంతరాలు అడుగుతాను. అడిగేముందు, ఎవరైనా టేప్‌రికార్డరు తెచ్చుకుంటే ఎందుకని మాత్రం అడగను.

తొమ్మిదిన్నరకు కాజీపేట. పొట్లం సీటు మీద వదిలి దిగాను. బండి కదిలాక కోటేశ్వరరావుగారు కిటికీలోంచి పొట్లం పైకెత్తి, "మాస్టారూ, ఇది మీదండీ," అన్నారు. స్పష్టంగానే వినపడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదన్నట్టు తల ఊపాను.