నోరు లేని పని

ఆ రోజుల్లో నలుగురిలో నోరు పెగలని వాడికి జబ్బు పేరేదీ ఉండేది కాదు. పదేళ్ళు వచ్చేవరకు అలాంటి పిల్లవాణ్ణి "ఎంత బుద్ధిమంతుడో" అని మెచ్చుకునేవారు. అదే పిల్లవాడికి మీసం వచ్చాక కూడా నోరు రాకపోతే, మెచ్చుకున్నవాళ్ళే "మొద్దు" అనేవారు. నేను ఆ రెండు బిరుదులూ హోసూరు పక్కనున్న మా మూకండపల్లిలోనే సంపాదించాను. ఇప్పుడు ఫ్యాక్టరీల కూత వినబడే ఆ చోట అప్పుడు మా రాగి చేలు ఉండేవి. చేలో పని ఉన్నంతకాలం నా సంగతి ఎవరికీ పట్టలేదు, రాగి పైరు తనను పలకరించమని అడగదు కదా. వానలు సరిగా లేక, ఉన్న కాస్త నేల నాయనకూ అన్నకూ చాలక, నన్ను ఎక్కడైనా పనిలో పెట్టాలనుకున్నప్పుడు మొదలైంది తంటా. లోకంలో ఏ పని తీసుకున్నా దాని ముందో వెనకో ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి మొహం చూసి ఏదో ఒకటి అనాలి. (బావి తవ్వే పని నయమనుకుని దానికీ పోయాను. తవ్వడం బాగానే తవ్వాను. నీళ్ళు పడ్డాయన్న సంగతి యజమానికి చెప్పి రమ్మని నన్నే పంపారు.)

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, కృష్ణగిరిలో ఒక బట్టల అంగడిలో గుమాస్తాగా ఉండేవాడు. ఆయన బతిమాలి నన్ను అక్కడ పెట్టించాడు. మొదటి రోజే ఒకావిడ వచ్చి ఆకుపచ్చ అంచున్న ఎర్ర చీర అడిగింది. అంగట్లో అలాంటిది లేదు. "లేదమ్మా" అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నా గొంతు దాటి రాలేదు. అందుకని వెతుకుతున్నట్టు ఒక్కొక్క చీరే దించి ఆవిడ ముందు వేస్తూ పోయాను. బీరువాలన్నీ ఖాళీ అయ్యాయి. ఆవిడ విసిగి లేచి పోయింది, నేను చీరల గుట్ట వెనక ఉండిపోయాను. వారం తిరక్కముందే అంగడి యజమాని మామను పిలిచి నెమ్మదిగా చెప్పాడు, "నీ మేనల్లుడు శానా మంచోడప్పా. అంగడికి ఎవురూ రాకుంటే బాగా పని చేస్తాడు."

తరవాత హోసూరు, కృష్ణగిరి మధ్య తిరిగే ఒక బస్సులో కండక్టరు పని. నిలబడి ఉన్న బస్సు కదలాలంటే కండక్టరు "రైట్" అని అరవాలి. నేను అన్నాను కూడా. కాని అది నాకే వినబడలేదు, ముందు కూర్చున్న డ్రైవరుకు ఎట్లా వినబడుతుంది? శూలగిరిలో బస్సు కదలకుండా అట్లాగే నిలబడిపోయింది. డ్రైవరు నాకోసం, నేను డ్రైవరుకోసం, జనం మా ఇద్దరికోసం ఎదురుచూశాం. చివరికి ఒక ముసలాయన కిటికీలో తల పెట్టి "పోనీప్పా, కండక్టరు మౌనవ్రతంలో ఉండాడు" అన్నాడు. బస్సంతా నవ్వింది.

ఇప్పుడు రాస్తూ నేనూ నవ్వుకుంటున్నాను గాని, ఆ రోజు హోసూరులో బస్సు దిగి ఇంటి వైపు నడవలేకపోయాను. నలుగురి చూపు నా మీద పడితే చాలు, అరచేతులు చెమట పట్టేవి, వేళ్ళు వణికేవి, మాట గొంతులో రాయిలా కూర్చునేది. మనసులో మాటలు లేక కాదు. ఒంటరిగా ఉంటే ఒక్కొక్క జవాబు ఎంత చక్కగా చెప్పేవాణ్ణో నాకు తెలుసు. అది మనుషుల ముందు ఎందుకు రాదో తెలియదు. అందరికీ ఉచితంగా దొరికేది నా ఒక్కడికే దొరకలేదని దిగులుగా ఉండేది.

అప్పుడు వచ్చాడు తుండు తాత. ఆయన మాకు బంధువు కాడు, నాయనకు తెలిసిన ఎద్దుల దళారి. భుజం మీద తుండుగుడ్డ లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు వచ్చింది. నాయన నా గోడంతా చెప్పుకుంటే ఆయన విని, "నోరు లేని పని ఒకటి ఉండాది. నా వెంట పంపు" అన్నాడు. ఎద్దుల సంతలో బేరం నోటితో జరగదు. దళారి, రైతు చేతులు కలిపి పైన తుండు కప్పుతారు. దాని కింద వేళ్ళు పట్టుకుని, నొక్కి, వదిలి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. ఇది నాకోసమే ఎవరో కనిపెట్టిన పని అనిపించింది. రెండు సంతలు తాత పక్కన కూర్చుని వేళ్ళ లెక్క నేర్చుకున్నాను. మూడో సంతలో నా చేతికి తుండు ఇచ్చేదాకా ఒక చిన్న విషయం తోచలేదు. మాట్లాడనక్కరలేదు, నిజమే. కాని ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. చెమట పట్టే చెయ్యి, వణికే వేళ్ళూ నావి.

ఆశ్చర్యం ఏమిటంటే ఆ వణుకే నన్ను కాపాడింది. కొనేవాడు నా వేళ్ళు నొక్కి తన ధర చెప్పేవాడు. అవి గడగడ వణికేవి. ఆ ధర నచ్చక నేను చెయ్యి లాగేసుకుంటున్నానని వాడనుకునేవాడు. కాస్త పెంచేవాడు. నేను ఇంకా వణికేవాణ్ణి. "ఆయప్ప చూసేదానికి గమ్మున ఉంటాడు గాని, మెట్టు దిగడప్పా" అని సంతలో పేరొచ్చింది. నేను పుట్టిన తరవాత నన్ను చూసి ఎవరైనా జంకడం అదే మొదలు. (ఆ జంకు ఎంత తప్పుడు లెక్క మీద నిలబడిందో తాతకూ నాకూ మాత్రమే తెలుసు.)

ఒక సంతకు తాత జ్వరంతో రాలేదు. ఆ రోజే మత్తూరు వైపు నుంచి ఒకావిడ ఒంటి ఎద్దును తోలుకుని వచ్చింది. పెద్ద వయసు కాదు. భర్త పోయాడట, జతలో రెండో ఎద్దూ చచ్చిపోయిందట. ఒంటెద్దుతో సేద్యం సాగదు, దాన్ని అమ్మితే గాని ఆ ఏడాది గింజలు రావు. ఎద్దు మంచిదే, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. బర్గూరు నుంచి వచ్చిన ఒక మీసాలాయనకు అది నచ్చింది. కాని బేరం ఎట్లా? పరాయి ఆడమనిషి చెయ్యి తుండు కింద ఎవరు పట్టుకుంటారు? మిగతా దళారులు తలలు తిప్పుకుని పోయారు. మీసాలాయన తొంభై రూపాయలు గాలిలోకి చెప్పి, ఇష్టముంటే ఇమ్మని నిలబడ్డాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తాడు చేతికి చుట్టుకుని, వెనక్కి తిరిగింది. మీసాలాయన నా వైపు చూశాడు, అక్కడ మిగిలినవాళ్ళలో భుజం మీద తుండు ఉన్నది నాకొక్కడికే.

నా సంగతి తెలిసిందే. పారిపోదామనే అనుకున్నాను. అప్పుడు ఆవిడ మా ఇద్దరినీ చూడకుండా, ఎద్దు గంగడోలు నిమురుతూ దానితో అంది, "చూసినావా కెంచా, నిన్ను ఉత్తినే ఇచ్చేసి పోవాలంట. నూటిరవై లేకుంటే నువ్వు ఈడ నుంచి కదలొద్దు." ఆవిడకీ నాలాగే ఎదుటి మనిషి మొహం చూసి మాట రాదని అప్పుడు తెలిసింది. నేను ఎద్దుకు అవతలి పక్కకు పోయి, మూపురం మీద చెయ్యి వేసి, దాని చెవిలోనే అన్నాను. "కెంచా, ఆయప్పకి నీ నడక నచ్చింది. ధరే కొంచెం ఎక్కువంటాడు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అది వణకలేదు. ఎద్దు తోక ఆడించింది.

"నూటపదికి ఆయమ్మకి సమ్మతమా, అడుగు కెంచా" అన్నాను. ఆవిడ ఎద్దు కొమ్ము పట్టుకుని, "డబ్బు సరే. ఆయప్ప ములుకర్రతో పొడిచే మనిషా కాదా, అది కనుక్కో కెంచా" అంది. నేను మీసాలాయన వైపు తిరగాలి. తిరగలేక ఎద్దు మొహమే చూస్తూ, "ఆయప్ప ఏమంటాడో" అన్నాను. అంత పెద్ద మీసాలాయన కాసేపు మమ్మల్ని చూసి, తలగుడ్డ సర్దుకుని, ముందుకొచ్చి ఎద్దు ముందు నిలబడ్డాడు. "పొడవను కెంచా. మా ఇంట్లో ములుకర్రే లేదు" అన్నాడు. చుట్టూ మూగిన వాళ్ళలో ఒకడు నవ్వబోయాడు, పక్కవాడు ఊరుకోమన్నాడు.

నూటపది రూపాయలు ఆవిడ కొంగులోకి, తాడు ఆయన చేతిలోకి మారాయి. పోతూ పోతూ ఆవిడ మొదటిసారి నన్నే చూసి, "నీ మాట మెత్తగా ఉండాదప్పా" అంది. నేను జవాబు చెప్పలేదు, ఎదురుగా ఎద్దు లేదు కదా. ఆ తరవాత ఎద్దో ఆవో అమ్ముకోవడానికి ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు "ఎద్దుతో మాట్లాడే అప్ప యాడ ఉంటాడు" అని అడుగుతూ వచ్చేవాళ్ళు. చాలా ఏళ్ళు ఆ పనే నాకు అన్నం పెట్టింది. జ్వరం తగ్గి సంగతి విన్న తాత, "నోరు లేని పని చూపిస్తే, దాంట్లో నువ్వు నోరు వెతుక్కున్నావే" అని తన పొగాకులో సగం నాకిచ్చాడు. ఆ ఎద్దును అమ్మిన రోజు ఇంటికి పోతే అమ్మ అన్నం వడ్డిస్తూ, "సంతలో ఎవురితో అయినా మాట్లాడినావా" అని అడిగింది. మాట్లాడినానన్నాను. ఎవరితో అని అడగకుండా మరో గరిటె వేసింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. నా బెరుకు పూర్తిగా పోలేదు, నాతో పాటే ముసలిదయింది, అంతే. మందుల షాపుకు పోయేటప్పుడు అడగవలసిన మాట దారంతా మనసులో అనుకుంటూ పోతాను. అక్కడ నలుగురుంటే గోడ మీది క్యాలెండరు చదువుతూ నిలబడతాను. షాపులో అబ్బాయి మంచివాడు, నన్ను గుర్తుపట్టి, నేనేమీ అనకముందే నా మాత్రలు పొట్లం కట్టి చేతిలో పెడతాడు. అది తీసుకుని తిరిగి వస్తూ, అంత దూరం వల్లెవేసుకున్న మాట ఈసారి కూడా వాడకుండానే మిగిలిపోయిందని కొంచెం బాధపడతాను.